పొగగొట్టానికి ఇవతలా అవతలా: రసాయనిక ఇంజనీరింగు చదువుల పుట్టుపూర్వోత్తరాలు

నేను తెలుగు సాహిత్యం చదువుకున్నవాణ్ణి. డిగ్రీ కళాశాలలో ప్రబంధమూ ఛందస్సూ చెప్పుకొని బ్రతుకుతున్నవాణ్ణి. అట్టివాడు రసాయనిక ఇంజనీరింగు చదువుల చరిత్ర వ్రాయబూనడం కొందరికి హాస్యాస్పదంగా తోచవచ్చు. కాని యీ పని నేను కోరి తలకెత్తుకున్నది కాదు. పర్యావరణాన్ని అన్ని చదువుల్లోనూ తప్పనిసరిగా బోధించవలెనని 1991లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ ఆదేశం పన్నెండేళ్ళపాటు చాలాచోట్ల కాగితం మీదనే వుండిపోగా, 2003లో కోర్టు మళ్ళీ గట్టిగా అడిగిన మీదట, డిగ్రీ విద్యార్థులందరికీ ఆరు నెలల పాఠ్యక్రమం వొకటి అమలులోకి వచ్చింది. పాఠ్యక్రమం వచ్చినంత సులభంగా దానికి ఉద్యోగాలు రావు గదా! అనేక కళాశాలల్లో ఆ పేపరు యెవరికి గంటలు తక్కువగా వున్నవో వారి నెత్తిన పడింది. నా నెత్తిన పడింది కూడా అట్లాగే.

మొదటి యేడాది పుస్తకంలో వున్నది వున్నట్టు చెప్పి బయటపడ్డాను. రెండవ యేడాది జలకాలుష్యం పాఠంలో 'వ్యర్థజలాలు' అన్న మాట బోర్డు మీద వ్రాసినప్పుడు, మంజీర దాపున వొక పల్లె నుంచి వచ్చే విద్యార్థిని లేచి, "సార్, మా వూర్ల వాటిని కంపెనీ నీళ్ళంటరు" అన్నది. తరగతి నవ్వింది. నేను నవ్వలేకపోయాను. వ్యాకరణం చెప్పుకునేవాణ్ణి గనుక ఆ రెండు మాటల తేడా నాకు వెంటనే తగిలింది. 'వ్యర్థజలం' అన్న సమాసంలో కర్త లేడు. ఆ నీటిని వ్యర్థం చేసింది యెవరో, అది యెవరి పాలిట వ్యర్థమైనదో ఆ మాట చెప్పదు. 'కంపెనీ నీళ్ళు' షష్ఠీ తత్పురుషం. సొత్తు యెవరిదో నిస్సంకోచంగా చెబుతుంది. ఆ అమ్మాయి అన్న రసాయనిక ఇంజనీరింగు చదువుతున్నాడట. అతని పుస్తకాల్లో తమ వాగు ప్రసక్తి యెక్కడా లేదట. వాగును గురించిన చదువు అదే కళాశాలలో సివిల్ ఇంజనీరింగు శాఖలో వేరే వున్నదట. "చేసేటోళ్ళకు ఒక చదువు, కడిగేటోళ్ళకు ఒక చదువు ఎందుకు సార్?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ పోతే దొరికిన సంగతులే యీ వ్యాసం. నా అభిప్రాయం ముందే చెప్పివేస్తాను: యీ రెండు చదువులూ వొకే యింట పుట్టినవి. వాటిని విడదీసింది శాస్త్రం కాదు, శాస్త్రానికి జీతమిచ్చినవారు.

కథ సోడాతో మొదలవుతుంది. గాజుకు, సబ్బుకు, బట్టల పరిశ్రమకు సోడా కావలెను. పూర్వం అది సముద్రతీరపు మొక్కలను కాల్చిన బూడిద నుంచి వచ్చేది. ఫ్రాన్సులో నికొలా లెబ్లాన్ అనే వైద్యుడు ఉప్పు నుంచి సోడా తీసే పద్ధతి కనిపెట్టి 1791లో పేటెంటు పొందాడు. అతని పోషకుడైన ఓర్లియన్స్ డ్యూకు 1793లో గిలటిన్‌కు బలి అయినాడు, కర్మాగారం చేజారింది, లెబ్లాన్ దారిద్ర్యంలో కూరుకుపోయి 1806లో ఆత్మహత్య చేసుకున్నాడు. అతని పద్ధతి మాత్రం ఇంగ్లండుకు చేరి, లివర్‌పూలుకు వెనుకనున్న సెయింట్ హెలెన్స్, విడ్నెస్ వంటి వూళ్ళను సోడా వూళ్ళుగా మార్చివేసింది. ఆ పద్ధతి లెక్క చూడండి. యెనిమిది టన్నుల సోడా తయారయ్యేసరికి అయిదున్నర టన్నుల హైడ్రోక్లోరిక్ ఆమ్ల వాయువు పొగగొట్టం గుండా పోతుంది. యేడు టన్నుల కాల్షియం సల్ఫైడు కసటు పొలాల్లో గుట్టపడి, వాన తగిలినప్పుడల్లా కుళ్ళిన గుడ్ల కంపు కొడుతుంది. అమ్మే సరుకు యెనిమిది, పారవేసేది పన్నెండున్నర! తొలినాటి రసాయన పరిశ్రమను సోడా పరిశ్రమ అని పిలిచాము. బరువును బట్టి పేరు పెట్టవలసి వుంటే దానికి మరో పేరు వుండేది.

ఉపాయం లేక యీ పని సాగలేదు. 1836లోనే విలియం గాసేజ్ అనే సోడా తయారీదారు, పాడుబడిన గాలిమర గోపురం వొకటి తీసుకొని, దాని నిండా ముళ్ళకంపలూ పుల్లలూ కుక్కి, పైనుంచి నీళ్ళు జారవిడిచి, అడుగునుంచి వాయువును పంపి చూశాడు. వాయువు నీటిలో కరిగిపోయింది. ఇంతటి సులభమైన ఉపాయం దొరికిన తరువాత కూడా చట్టం రావడానికి ఇరవై యేడేళ్ళు పట్టింది. వచ్చినప్పుడైనా అది కార్మికుల ఊపిరితిత్తుల కోసం రాలేదు. సెయింట్ హెలెన్స్ దరిదాపుల్లో యెస్టేటు గల లార్డ్ డెర్బీ, చెట్లూ పంటలూ మాడిపోతున్నవని 1862లో ప్రభువుల సభలో విచారణ సంఘం వేయించాడు. 1863లో ఆల్కలీ చట్టం వచ్చింది. ఆ వాయువులో నూటికి తొంభై అయిదు పాళ్ళు పట్టివుంచవలెనని శాసించింది. భూస్వామికీ ఫ్యాక్టరీదారుకూ వచ్చిన తగాదాలో పుట్టిన చట్టమన్న మాట. అయినా పుట్టింది. ఇందులో మనం నేర్చుకోవలసిన సంగతి మరొకటి వున్నది. పట్టిన ఆమ్లాన్ని యజమానులు మొదట వాగుల్లోకి వదిలారు. తరువాత వెల్డన్, డీకన్ అనేవారు ఆ ఆమ్లం నుంచి క్లోరిన్ తీసే పద్ధతులు కనిపెట్టగా అది చలువపొడియై బట్టల మిల్లులకు అమ్ముడుపోయింది. నిన్నటి విషం ఇవాళ్టి లాభం! చట్టం పరిశ్రమను చంపుతుందని వాదించేవారు నూట అరవై యేండ్ల కిందటి యీ అనుభవాన్ని తలచుకోరు.

ఆ చట్టం కింద మొదటి ప్రధాన ఇన్స్పెక్టరు రాబర్ట్ ఆంగస్ స్మిత్. మాంచెస్టరు వానలో ఆమ్లం వున్నదని కనిపెట్టి, 1872లో గాలినీ వాననూ గురించి పుస్తకం వ్రాసినవాడు. 'ఆమ్లవర్షం' అన్న మాటను లోకానికి ఇచ్చినవాడు. అదే ఆల్కలీ తనిఖీలో కొంతకాలం పనిచేసినవాడు జార్జి డేవిస్. బీదవాడు, పధ్నాలుగవ యేట పుస్తకాలు కుట్టే పనిలో చేరి, అది మానుకొని గ్యాసు కర్మాగారంలో పని చేసుకుంటూ చదువుకున్నవాడు. ఇన్స్పెక్టరుగా అతనికి ప్రతి ఫ్యాక్టరీ తలుపూ తెరుచుకునేది. మామూలు రసాయనజ్ఞుడికి తన యజమాని ఫ్యాక్టరీ వొక్కటే తెలుసు. పక్కవాడి రహస్యం పక్కవాడిది. డేవిస్ అన్నీ చూశాడు. సరుకులు వేరైనా అన్నిచోట్లా జరిగే పనులు వొక్కటేనని గ్రహించాడు: మరగించడం, వడకట్టడం, ఆరబెట్టడం, నూరడం, వాయువును ద్రవంలో కరిగించడం. 1880లో రసాయనిక ఇంజనీర్ల సంఘం పెట్టబోతే సాగలేదు. 1887లో మాంచెస్టర్ టెక్నికల్ స్కూలులో పన్నెండు ఉపన్యాసాలిచ్చాడు. రసాయనిక ఇంజనీరింగు పాఠ్యక్రమానికి మొట్టమొదటి మెట్టుగా చరిత్రకారులు చెప్పేది వీటినే. 1901లో అవి పెద్ద గ్రంథమైనవి.

అనగా, రసాయనిక ఇంజనీరింగును మొదట పాఠంగా చెప్పినవాడు కాలుష్యపు తనిఖీదారుగా పనిచేసినవాడు. ఫ్యాక్టరీని అతడు మొదట పొగగొట్టం వైపునుంచి చూశాడు. యీ సంగతి మన ఇంజనీరింగు కళాశాలల్లో యెంతమంది అధ్యాపకులు విద్యార్థులకు చెబుతున్నారో వారే ఆలోచించుకోవలెను.

ఆ మరుసటి యేడాది, 1888లో, అమెరికాలో బోస్టన్ నగరంలో వుండిన మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయం - యెమ్.ఐ.టి. అని లోకం పిలిచేది - నాలుగేళ్ళ రసాయనిక ఇంజనీరింగు చదువును ప్రారంభించింది. లూయిస్ నార్టన్ అనే ఆచార్యుడు దీనికి కర్త. తాను మొదలుపెట్టిన చదువు పెరగడం పూర్తిగా చూడకుండానే 1893లో, నలభై నిండకముందే కన్నుమూశాడు. దాని వరుస సంఖ్య పది. 1889లో అక్కడే పదకొండవ సంఖ్యతో మరొక చదువు వచ్చింది: శానిటరీ ఇంజనీరింగు. మంచినీళ్ళు, మురుగునీళ్ళు, అంటురోగాలు దాని విషయం. యీనాటి పర్యావరణ ఇంజనీరింగుకు తల్లి. పదీ పదకొండూ! వొక తల్లికి యేడాది తేడాతో పుట్టిన బిడ్డలు. రెండింటి నడుమ వొక మనిషి కూడా వున్నది. యెలెన్ స్వాలో రిచర్డ్స్ ఆ విద్యాలయంలో చేరిన మొదటి స్త్రీ. 1873లో పట్టం పుచ్చుకున్నది. 1884 నుంచి 1911లో చనిపోయేవరకు శానిటరీ కెమిస్ట్రీ బోధించింది. 1887లో మొదలైన మసాచుసెట్స్ రాష్ట్ర జలపరీక్షలో వేలాది నీటి నమూనాలు ఆమె ప్రయోగశాల గుండా పోయినవి. సహజంగా నీటిలో యెంత ఉప్పుదనం వుండవలెనో పటం గీసి, దానికి మించి యెక్కడ కనబడితే అక్కడ మురుగు కలిసినదని ఆమె చూపింది. అదే రసాయనశాస్త్రం, అదే పరీక్షనాళిక, అదే కట్టడం. రెండు చదువులూ చేయి పట్టుకొని నడవడానికి అడ్డం యేమీ లేదు.

అడ్డం డబ్బు వైపునుంచి వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మనీ రంగులూ మందులూ ఆగిపోగా అమెరికా పెట్టుబడిదారులకు స్వంత రసాయన పరిశ్రమ మీద గురి కుదిరింది. 1915లో ఆర్థర్ లిటిల్ అనే వ్యాపార సలహాదారు విద్యాలయానికి సమర్పించిన నివేదికలో 'యూనిట్ ఆపరేషన్లు' అన్న పేరు పుట్టింది. యే సరుకైనా కొన్ని మూలచర్యల కూడిక. ఆ చర్యలు నేర్చినవాడు యే ఫ్యాక్టరీనైనా నడపగలడు. భావం డేవిస్‌దే, పేరు లిటిల్‌ది. 1923లో వాకర్, లూయిస్, మెకాడమ్స్ ముగ్గురూ వ్రాసిన పాఠ్యగ్రంథం దానికి లెక్కల అస్థిపంజరం ఇచ్చింది. యీలోగా 1919-20లో వాకర్ పూనికతో విద్యాలయం వొక పథకం పెట్టింది: కంపెనీలు యేటా ఇంత అని చెల్లిస్తే విద్యాలయపు ఆచార్యుల సలహా, పరిశోధన, పట్టభద్రుల వివరాలు వారికి అందుబాటులో వుంటవి. శాస్త్రం కంపెనీల పనిమనిషి కారాదని పట్టుబట్టిన ఆర్థర్ నోయిస్, తాను కట్టిన ప్రయోగశాలను వదలి కాలిఫోర్నియాకు వెళ్ళిపోయాడు. గెలిచింది వాకర్ పక్షం. 1920లో రసాయనిక ఇంజనీరింగు స్వతంత్ర శాఖ అయింది.

ఇక్కడ నేను అన్యాయం చేయదలచుకోలేదు. మూలచర్యల భావం గొప్పది. సారా బట్టీలో, చెరకు పానకం మరిగే బెల్లపు పెనంలో, ఉప్పు మడిలో జరిగేవన్నీ వొకే సూత్రాలకు లోబడి వున్నవని చెప్పే విద్యను తక్కువ చేసి మాట్లాడడం అజ్ఞానం. 1960లో బర్డ్, స్టీవర్ట్, లైట్‌ఫుట్ ముగ్గురూ ద్రవ్యమూ వేడీ చలనమూ వొకే గణితంతో నడుస్తవని చూపిన పుస్తకాన్ని గురించి తెలిసినవారు చెప్పగా విన్నప్పుడు, పాణినిని గురించి విన్నప్పుడు కలిగినంత ఆశ్చర్యం నాకు కలిగింది. యీ శాస్త్రపు మొదటి పాఠం ద్రవ్యనిత్యత: లోపలికి పోయినది బయటికి రావలెను, లేదా లోపల మిగలవలెను, మాయమయ్యేది యేదీ లేదు. ఇంతకంటె నిజాయితీ గల సూత్రం యే శాస్త్రంలో వున్నది? కాని పాఠ్యగ్రంథంలో గీసే పెట్టెకు వొక గీత వుంటుంది, దానినే హద్దు అంటారు. ఆ హద్దు యెక్కడ గీయవలెనో ప్రకృతి చెప్పదు; గీసేవాడు నిర్ణయిస్తాడు. ఆ హద్దును ఫ్యాక్టరీ ప్రహరీగోడ మీదనే గీసినారు. గోడ దాటిన బాణం గీతకు అవతల గాలిలో ఆగిపోయింది. పదవ నంబరు చదువు గోడకు ఇవతల, పదకొండవ నంబరు చదువు గోడకు అవతల నిలబడినవి. ఇవతలి చదువుకు కంపెనీలు జీతమిచ్చినవి. అవతలి చదువుకు పురపాలక సంఘాలు ఇవ్వగలిగినంత ఇచ్చినవి.

సోషలిస్టు దేశాల్లో యీ గోడ కూలిందని చెప్పగలిగితే నాకు సంతోషమే. చెప్పలేను. బైకాల్ సరస్సు వొడ్డున 1966లో మొదలైన కాగితపు గుజ్జు కర్మాగారం, శాస్త్రజ్ఞులూ రచయితలూ యెంత వారించినా ఆగక, 2013 దాకా నడిచింది. సొత్తు ప్రజలదైనంత మాత్రాన బాణం తనంతట తాను ముందుకు సాగదు. దాన్ని సాగదీసే అధికారం కూడా ప్రజల చేతికి రావలెను. యీ మాట మన మిత్రులు కొందరికి రుచించకపోవచ్చు.

మన దేశానికి వస్తే, స్వదేశీ ఉద్యమం నుంచి పుట్టిన బెంగాల్ జాతీయ విద్యాసంస్థలో - అదే తరువాత జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం - 1921లో రసాయనిక ఇంజనీరింగు బోధన ప్రారంభమైంది. 1933లో రెండుచోట్ల వచ్చింది: బొంబాయి విశ్వవిద్యాలయంలోనూ, వాల్తేరులో మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తులోనూ. బొంబాయిలో బట్టల మిల్లుల అవసరం వున్నది. వాల్తేరులో మిల్లులు లేవు. జయపురం మహారాజు విక్రమదేవవర్మ దానం వున్నది. ఆయన సాహిత్యాభిమాని కూడా గనుక మా తెలుగువారం ఆయనను కవిపోషకుడిగానే తలచుకుంటాము. కాని ఆ యెస్టేటు రాబడి కోరాపుట్ కొండల్లోని గిరిజన రైతుల చెమట అని కూడా తలచుకోవలెను. ఆ కొండలవారి బిడ్డలెందరు ఆ ప్రయోగశాల మెట్లెక్కినారు?

హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం 1943లో రసాయన సాంకేతిక శాఖ తెరిచింది. ఉస్మానియా అప్పటికి ఉర్దూలో బోధించే విశ్వవిద్యాలయం. 1917లో యేర్పడిన అనువాదశాఖ భౌతిక రసాయన శాస్త్రాలకు పారిభాషిక పదాలు సృష్టించింది. దేశభాషలో విజ్ఞానం చెప్పడం సాధ్యం కాదనేవారికి అది జవాబు. కాని ఆ భాష ఆ సంస్థానంలో అత్యధిక సంఖ్యాకుల భాష కాదు. తెలుగు రైతుబిడ్డకు అది ఇంగ్లీషంత దూరమే. 1968లో తెలుగు అకాడమి వచ్చి డిగ్రీ వరకు పుస్తకాలు వేసింది. ఇంజనీరింగును దేశభాషల్లో చెప్పడానికి సాంకేతిక విద్యామండలి అనుమతి ఇచ్చేసరికి 2021 అయింది. ఇన్నాళ్ళూ ఫ్యాక్టరీ లెక్క ఇంగ్లీషులోనూ, వాగు గోడు తెలుగులోనూ వుండిపోయినవి. వొకదానినొకటి యెట్లా వింటవి?

అభ్యుదయ రచయితలకు ప్రీతికరమైన సంగతి వొకటి ఇక్కడ చెప్పవలసి వున్నది. హైదరాబాదు ప్రాంతీయ పరిశోధనాలయాన్ని తొలి దశలో నడిపిన డాక్టర్ సయ్యద్ హుసేన్ జహీర్, అఖిల భారత అభ్యుదయ రచయితల సంఘ స్థాపకుడు సజ్జాద్ జహీర్‌కు సోదరుడు. స్వదేశీ బొగ్గు, స్వదేశీ నూనెలు, స్వదేశీ మందులు అన్న దీక్షతో నడిచిన సంస్థ అది. 1961లో యేర్పడిన ఐ.డి.పి.ఎల్. సోవియట్ సహాయంతో హైదరాబాదులో మందుల కర్మాగారం కట్టింది. 1970 పేటెంటు చట్టం మందుకు కాక మందు చేసే పద్ధతికి మాత్రమే పేటెంటు ఇచ్చింది. వేరే దారిలో అదే మందు చేయగలిగిన రసాయనజ్ఞుడికి తలుపులు తెరుచుకున్నవి. ఐ.డి.పి.ఎల్.లో చేయి తిరిగినవారు అనేకులు బయటికి వచ్చి స్వంత ఫ్యాక్టరీలు పెట్టారు. బహుళజాతి సంస్థలు వందకు అమ్మిన మందు పేదవాడికి తక్కువకు దొరికింది. ఇది నిజమైన విజయం. దీన్ని నేను కాదనను. అయితే యీ విజయపు ఖర్చు యే బాణం గుండా యెక్కడికి పోయిందన్నది తరువాతి ప్రశ్న.

దానికి ముందు భోపాల్ వున్నది.

1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి యూనియన్ కార్బైడు కర్మాగారం నుంచి సుమారు నలభై టన్నుల మిథైల్ ఐసోసైనేటు వాయువు వెలువడింది. మధ్యప్రదేశ్ ప్రభుత్వం చెప్పిన మృతుల సంఖ్య 3,787. బాధితుల లెక్క దానికి యెన్నో రెట్లు. ఆ ట్యాంకును చల్లగా వుంచవలసిన శీతలయంత్రం నెలల ముందే ఆపివేయబడింది. వాయువును కాల్చివేయవలసిన గోపురానికి పోయే గొట్టం విప్పి వున్నది. ఇక మూడవది: క్షారద్రావణం జారుతుండగా వాయువు దాని గుండా పోయి కరిగిపోయే స్క్రబ్బరు. పాఠకులు గుర్తుపట్టే వుంటారు. అది గాసేజ్ 1836లో ముళ్ళకంపలతో నింపిన గోపురానికి మనుమడే! నూట నలభై యెనిమిదేండ్ల తరువాత ఆ మనుమడు ఆ రాత్రి పనిలో లేడు. సిద్ధంగా వున్నా అంత వాయువును ఆపగల తాహతు దానికి లేదు. డబ్బు ఆదా కోసం వొక్కొక్కటే ఆపుకుంటూ వచ్చిన కథ ఇది. రాజ్‌కుమార్ కేశ్వానీ అనే స్థానిక పాత్రికేయుడు, యీ వూరు అగ్నిపర్వతం మీద కూర్చున్నదని 1982 నుంచి హిందీలో వ్రాస్తూనే వున్నాడు. అతడు రసాయనిక ఇంజనీరింగు చదివినవాడు కాదు. కాని బాణం యెక్కడికి పోతుందో చూశాడు.

భోపాల్ తరువాత పాఠ్యక్రమాలు కదిలినవి. 1985లో అమెరికా రసాయనిక ఇంజనీర్ల సంఘం ప్రక్రియా భద్రతకు వొక కేంద్రం పెట్టింది. మనకు 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. భద్రత, ప్రమాద విశ్లేషణ, కాలుష్య నియంత్రణ అన్న పేపర్లు క్రమంగా చేరినవి. ఇంగ్లండులో 1974లో ఫ్లిక్స్‌బరో కర్మాగారం పేలి 28 మంది చనిపోయిన తరువాత అక్కడ జరిగిందీ ఇదే. శవాలను లెక్కించిన తరువాతనే సిలబసు సంఘాలు సమావేశమవుతవి. చేర్చినప్పుడైనా, చివరి సంవత్సరంలో, ఐచ్ఛికంగా. ద్రవ్యనిత్యత మొదటి సెమిస్టరులో, వాగు యేడవ సెమిస్టరులో!

2020 మే 7 తెల్లవారుజామున, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వున్న విశాఖపట్నంలోనే, ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారంలోని ట్యాంకులో నిల్వ వున్న స్టైరీన్ వేడెక్కి ఆవిరై వూరి మీద పడింది. పన్నెండుమంది చనిపోయినారు. స్టైరీన్ తనలో తాను పాలిమరుగా మారుతూ వేడి పుట్టిస్తుందన్నది యే పరిశోధనాలయపు రహస్యమూ కాదు. విద్యార్థి పుస్తకంలో వున్న సంగతే. ఆ నగరంలో రసాయనిక సాంకేతిక విద్య మొదలై అప్పటికి యెనభై యేడేళ్ళు.

ప్రమాదం పత్రికలకెక్కుతుంది. ప్రమాదం లేకుండా, అన్నీ సక్రమంగా నడుస్తుండగా, ప్రతిరోజూ జరిగేది పత్రికలకెక్కదు. మందుల తయారీలో వొక కిలో మందుకు ఇరవై అయిదు నుంచి వంద కిలోలకు పైగా కసటు మిగులుతుందని రోజర్ షెల్డన్ అనే రసాయనజ్ఞుడు 1992లో లెక్క చూపాడు. లెబ్లాన్ సోడాకు వొకటికి వొకటిన్నర మాత్రమే. సెయింట్ హెలెన్స్‌ను తలచుకొని ముక్కు మూసుకునేవారు యీ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడవలెను. పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతాల్లో వెలసిన ఫ్యాక్టరీల కసటు నక్కవాగులో పడి మంజీరకు పోయింది. 1990లో కేసు సుప్రీంకోర్టుకు యెక్కింది. 1994లో పటాన్‌చెరులో ఉమ్మడి శుద్ధికేంద్రం పనిచేయడం మొదలుపెట్టింది. తరువాతి కాలంలో ఆ నీటిని వాగులో కాక పద్దెనిమిది కిలోమీటర్ల గొట్టం గుండా అంబర్‌పేట మురుగుశుద్ధి కేంద్రానికీ, అక్కడినుంచి మూసీకీ పంపే యేర్పాటు జరిగింది. బాణం తిరిగింది గాని ఆగలేదు.

యీ ఉమ్మడి కేంద్రం నుంచి శుద్ధి అయి బయటికి వచ్చే నీటిని స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ పరిశోధకులు పరీక్షించి 2007లో ప్రకటించారు. సుమారు తొంభై మందుల ఫ్యాక్టరీల నీరు, రోజుకు సుమారు 1,500 ఘనపు మీటర్లు. అందులో సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 28 నుంచి 31 మిల్లీగ్రాములు. ఆ మందు మింగిన రోగి రక్తంలో వుండేదానికంటె అది యెక్కువ.

యీ అంకెలను నేను తరగతిలో బోర్డు మీద వ్రాశాను. బి.ఎ. విద్యార్థులు; చరిత్ర, తెలుగు చదివేవారు. వొక ఘనపు మీటరుకు వెయ్యి లీటర్లు అని చెప్పి గుణించమన్నాను. లీటరుకు ముప్ఫై చొప్పున వేసుకుంటే నలభై అయిదు కిలోలు వచ్చింది. పరిశోధకులు చెప్పిన అంకె నలభై నాలుగు. స్వీడన్ దేశమంతా అయిదు రోజుల్లో వాడే మందు అది. "సాలుకా సార్?" అని వెనుక బెంచీ నుంచి వొకడు అడిగాడు. "రోజుకు" అన్నాను. ఇది యే ఉన్నత గణితమూ కాదు. వొక గుణకారం. అది చేయడానికి స్వీడన్ నుంచి రావలసి వచ్చింది.

దసరా సెలవుల్లో ఆ అమ్మాయి తన అన్నను వెంటబెట్టుకొని వచ్చింది. మంచి కుర్రవాడు, లెక్కల్లో చురుకైనవాడు. మా తరగతిలో చేసిన లెక్క చూపితే అర నిమిషంలో తప్పులేదన్నాడు. తన పుస్తకం తెరిచి వొక మందు తయారీ పటం చూపించాడు. పెట్టెలు, బాణాలు, ప్రతి బాణం మీదా యెన్ని కిలోలో దశాంశాలతో సహా వున్నది. లోపలికి వచ్చినదీ బయటికి పోయినదీ సరిగ్గా సరిపోయినవి. కింద కుడివైపున వొక బాణం మాత్రం 'ఇ.టి.పి.కి' అన్న ముక్క దగ్గర ఆగిపోయింది. దాని తరువాత యేమున్నదని అడిగాను.

"అది మాది కాదు సార్, సివిల్ వాళ్ళది" అన్నాడు.